సర్కారును దించిన కల్లుకుండ

ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని పడగొట్టింది తాటికల్లు. ఈ సంగతి తెలిశాక ద్వారకా తిరుమల చుట్టుపక్కల తాడిచెట్లను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను.

1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. తాతల నాటి గీతవృత్తి రాత్రికి రాత్రే నేరమైపోయింది. గోదావరి పాయ పక్కనే ఫ్రెంచివారి యానాంలో మాత్రం ఆ చట్టం చెల్లేది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నిషేధాన్ని ఎత్తివేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ మాట వినలేదు. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహానికి దిగారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. ఎన్నో ఉద్యమాలను నడిపిన ఆంధ్రకేసరి గద్దె దిగారు.

ఇంతకీ ఆ కుండలో ఉండేదేమిటి? గీత కార్మికుడు మోకు నడుముకు బిగించి చెట్టెక్కుతాడు. గెల కొసను పలచగా చెక్కి, కుండ కడతాడు. పొద్దున, సాయంత్రం మళ్లీ ఎక్కి కొత్తగా చెక్కకపోతే ఊట ఆగిపోతుంది. కుండ లోపల సున్నం పూస్తే తియ్యటి నీరా దిగుతుంది. పూయకపోతే గాలిలోని ఈస్టు చేరి, పొద్దెక్కేసరికి పులుస్తుంది. ఆ ఈస్టు పనే ద్రాక్షరసాన్నీ వైనుగా మారుస్తుంది. ఫ్రాన్సులో జురా ప్రాంతపు ఆర్బువా ఊళ్లో పెరిగిన లూయీ పాశ్చర్ 1866లో వైను మీద ఏకంగా పుస్తకమే రాశాడు.

ఆ దేశం 1935లో చట్టం చేసి, ఏ ఊరి వైనుకు ఆ ఊరి పేరును కాపాడింది. మనకు 1886 నాటి అబ్కారీ చట్టం గీతవృత్తిని సర్కారు రాబడిగానే చూసింది. తరువాతి మద్యనిషేధ చట్టం నేరంగా చూసింది. గీత పనిని విద్యగా గౌరవించిన చట్టం ఒక్కటీ కనపడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది సారా మీద. కాపురాలు కూల్చిన ఆ సారానూ, చెట్టు నుంచి దిగిన కల్లునూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇప్పుడు ఏలూరు పక్కన పెదవేగిలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఆయిల్‌పామ్‌కు జాతీయ పరిశోధన సంస్థ ఉంది. తాటి మీద పరిశోధన వెతుక్కుంటూ రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి దాకా పోవాలి. మన తాళ్లేమో ఇటుక బట్టీల పాలవుతున్నాయి. కొట్టడానికి ఒక పూట చాలు. గీతకు రావాలంటే పదిహేనేళ్లయినా పడుతుంది. కాలవగట్టో, పొలంగట్టో ఉన్నవాళ్లు ఈసారి తాటిపండు తిన్నాక టెంకను పారేయకండి, పాతండి.