ఆన్‌లైన్ బుక్‌మార్కులు: లింకులు దాచుకోవడం, పంచుకోవడం

ఇంటర్నెట్‌లో చూసిన పేజీని మళ్లీ వెతుక్కోకుండా దాని చిరునామాను భద్రపరచుకునే గుర్తును బుక్‌మార్కు అంటారు. ఈ గుర్తులను సొంత కంప్యూటరులో కాకుండా ఒక వెబ్‌సైటులో దాచి, విషయాల వారీగా సర్ది, నలుగురూ చూసేలా పెట్టే పద్ధతికి సోషల్ బుక్‌మార్కింగ్ అని పేరు. 1996లో మొదలైన ఈ పద్ధతి 2003 తరువాత ఏడెనిమిదేళ్లు బాగా సాగింది. తెలుగువాళ్లలో ఇదే పని ఎక్కువగా వేరే దారిలో జరిగింది. కూడలి వంటి బ్లాగు సంకలినులు, తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు కూర్చిన పుస్తకాల జాబితాలు మన భాషకు ఉమ్మడి బుక్‌మార్కులుగా పనిచేశాయి.

తొలి అడుగులు

అమెరికా శాస్త్రవేత్త వానెవార్ బుష్ 1945 జులైలో అచ్చయిన తన వ్యాసం ఒకదానిలో మెమెక్స్ అనే యంత్రాన్ని ఊహించాడు. చదివిన కాగితాలను ఒకదానితో ఒకటి ముడివేసి బాటలా పేర్చుకోవడం, ఆ బాటను స్నేహితుడికి అందించడం ఆ యంత్రం చేయాల్సిన పని. కంప్యూటర్లు ఇళ్లకు చేరడానికి చాలా ముందే పంచుకోవడం అనే ఆలోచన అందులో ఉంది.

వెబ్ వచ్చాక 1993లో మొజాయిక్ బ్రౌజరు హాట్‌లిస్ట్ పేరుతో ఈ వసతి ఇచ్చింది. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ దాన్ని బుక్‌మార్కులు అంది. మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఫేవరెట్స్ అని పేరు పెట్టింది. నెట్‌స్కేప్ ఈ గుర్తులన్నిటినీ ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలులో దాచేది. ఈనాటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో బుక్‌మార్కులను బయటికి తీస్తే వచ్చే ఫైలు కూడా అదే పద్ధతిలో ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు గానీ, వాడేవారికి దీనికన్నా ఉపయోగపడే సంగతి ఈ చరిత్రలో మరొకటి లేదు.

అప్పట్లో చిక్కల్లా గుర్తులు ఏ కంప్యూటరులో పెడితే అందులోనే ఉండిపోవడం. సొంత కంప్యూటరు ఉన్నవారికి ఇది సమస్య కాదు. హైదరాబాదు తూర్పు వైపున దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురిల్లో కోచింగ్ సెంటర్ల చుట్టూ అద్దె గదుల్లో ఉండి చదువుకునేవారికి, వనస్థలిపురం నుంచి బస్సెక్కి వచ్చే విద్యార్థులకు ఇంటర్నెట్ అంటే నెట్ సెంటరే. గంటకింత అని కట్టి కూర్చున్న చోట దాచుకున్న లింకు, రేపు వేరే సీటు దొరికితే కనిపించదు. అందుకే చిరునామాలను నోటు పుస్తకంలో రాసుకోవడం, తమ మెయిలుకు తామే పంపుకోవడం అలవాటయ్యాయి. ఎక్కడి నుంచైనా తెరుచుకునే ఆన్‌లైన్ బుక్‌మార్కు అవసరం అమెరికా ఆఫీసుల్లో కంటే ఇలాంటి చోట్లే ఎక్కువ. తరువాత వచ్చిన ఆన్‌లైన్ బుక్‌మార్కు సేవలు ఈ అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టలేదు, మన విద్యార్థుల్లో వాటి పేరు విన్నవారు కూడా తక్కువే.

డెలిషస్

1996 ఏప్రిల్‌లో వచ్చిన ఇట్‌లిస్ట్‌ను ఆన్‌లైన్‌లో బుక్‌మార్కులు పంచుకునే తొలి సేవగా చెబుతారు. తరువాత వచ్చిన బ్యాక్‌ఫ్లిప్, బ్లింక్ వంటివి ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలిన డాట్‌కామ్ పతనంలో నిలబడలేకపోయాయి.

ఈ రంగానికి రూపం ఇచ్చింది డెలిషస్. దీన్ని తయారు చేసిన జాషువా షాక్టర్ అప్పటికి న్యూయార్కులో మోర్గాన్ స్టాన్లీ సంస్థ ఉద్యోగి. తనకు నచ్చిన వేల లింకులను ఆయన ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసుకుని, ప్రతి లింకు పక్కనా అదేమిటో గుర్తొచ్చేలా ఒకటి రెండు మాటలు చేర్చేవాడు. ఆ మాటలే ట్యాగులయ్యాయి. 2003 సెప్టెంబరులో ఈ పద్ధతినే వెబ్‌సైటుగా అందరికీ తెరిచాడు.

అప్పటిదాకా బుక్‌మార్కులంటే ఫోల్డర్లు. వంటల లింకు వంటల ఫోల్డరులోనే ఉండాలి, ఆరోగ్యం ఫోల్డరులో కూడా కావాలంటే రెండోసారి దాచాలి. ట్యాగుతో ఆ ఇబ్బంది పోయింది. పైగా డెలిషస్‌లో దాచిన లింకు దానంతటదే అందరికీ కనిపించేది. ఒక ట్యాగును నొక్కితే, ముక్కూ మొహం తెలియనివారు అదే విషయం మీద దాచినవన్నీ వరుసగా వచ్చేవి. పండితులు గీసిన వర్గీకరణ కాకుండా వాడేవాళ్ల మాటల్లోంచి పుట్టిన ఈ వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ 2004లో ఫోక్సానమీ అని పేరు పెట్టాడు. 2005 డిసెంబరులో యాహూ డెలిషస్‌ను కొనేసింది. 2008 చివరికి 53 లక్షల మంది ఖాతాదారులు, 18 కోట్ల వేర్వేరు లింకులు అందులో ఉన్నాయి.

పరిశోధకుల కోసం 2004లోనే సైట్‌యులైక్, కనోటియా వచ్చాయి. లింకుతో పాటు పేజీ నకలును కూడా దాచే ఫర్ల్, పేజీలో నచ్చిన వాక్యాలకు రంగు పూసుకునే వీలిచ్చిన డీగో కొంతకాలం బాగా నడిచాయి. మాగ్నోలియా అనే సేవ 2009 జనవరిలో డేటాబేసు పాడై, వాడుకరుల బుక్‌మార్కులను పోగొట్టి మూతపడింది. ఆన్‌లైన్‌లో ఉంది కాబట్టి భద్రంగా ఉన్నట్టే అనే నమ్మకానికి తగిలిన పెద్ద దెబ్బ అది.

తెలుగు లింకుకు వచ్చిన చిక్కులు

ఈ సేవలన్నీ ఇంగ్లిషు కోసం తయారైనవి. తెలుగు లింకును దాచుకోబోతే ఎదురైన కష్టాలు వేరు.

మొదటిది ఫాంటు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, తెలుగు యూనికోడ్ (ఒక్కో అక్షరానికి అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) అందుబాటులో ఉన్నా, తెలుగు దినపత్రికలు చాలా ఏళ్లు తమ సొంత ఫాంట్లతోనే వెబ్‌సైట్లు నడిపాయి. తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల ఉన్నవి రోమన్ సంకేతాలు. నచ్చిన పేరా కాపీ చేసి లింకు పక్కన పెట్టుకుంటే అర్థంలేని అక్షరాలు మిగిలేవి, వెతికితే దొరికేవి కావు. వెన్న నాగార్జున తయారు చేసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఆ పేజీలను యూనికోడులోకి మార్చి చూపించి చాలామందిని గట్టెక్కించింది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టింది కూడా ఆయనే.

రెండోది ట్యాగు. డెలిషస్‌లో ఖాళీ వదిలితే ఇంకో ట్యాగు కింద లెక్క. ‘తెలుగు కథలు’ అని రాస్తే రెండు వేర్వేరు ట్యాగులుగా విడిపోయేవి. ‘హైదరాబాదు’ అని ఒకరు, ‘హైదరాబాద్’ అని ఒకరు, ‘భాగ్యనగరం’ అని ఇంకొకరు రాస్తే మూడు కుప్పలు. విభక్తులు మాటకే అంటుకునే భాషలో ఈ చిక్కు మరీ ఎక్కువ. అందుకే తెలుగు పేజీలకు కూడా ఇంగ్లిషు ట్యాగులు పెట్టుకున్నవారు ఎందరో.

మూడోది ఇప్పటికీ ఉంది. తెలుగు వికీపీడియాలో వనస్థలిపురం పేజీ చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లోనో మెయిలులోనో అతికిస్తే, ఊరి పేరు ఉండాల్సిన చోట శాతం గుర్తులూ అంకెలూ రోమన్ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి తాడు వచ్చి పడుతుంది. వనస్థలిపురం అనే మాటలో గుడి, కొమ్ము, పొల్లు, సున్నా కలిపి యూనికోడ్ లెక్కన 11 సంకేతాలు ఉన్నాయి. ఒక్కో సంకేతానికి 3 బైట్లు, ఒక్కో బైటును చిరునామాలో రాయడానికి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. అంటే ఆ ఒక్క మాట 99 అక్షరాలవుతుంది. పంపినవారు చెబితే తప్ప అది ఏ పేజీయో చూసేవారికి తెలియదు. తెలుగు లింకు పంచుకునేటప్పుడు పక్కన ఒక వాక్యం రాయడం మర్యాద కోసం కాదు, అవసరం కోసం.

కూడలి, ఇతర సంకలినులు

తెలుగులో లింకులు పంచుకునే సంస్కృతి బ్లాగులతో బలపడింది. 2006లో వీవెన్ తయారు చేసిన లేఖిని, రోమన్ అక్షరాలు టైపు చేస్తే తెలుగు చూపించే పరికరంగా, వేలమందికి రాసే దారి చూపింది. రాసేవారు పెరిగేసరికి ఎవరు ఎక్కడ ఏం రాస్తున్నారో తెలుసుకోవడం కష్టమైంది. ఆ లోటు తీర్చడానికి అదే ఏడాది ఆయనే కూడలిని మొదలుపెట్టారు. బ్లాగుల ఆరెస్సెస్ ఫీడులను (కొత్త టపాల సమాచారం ఇచ్చే ఫైళ్లను) తీసుకుని, ఆ టపాల శీర్షికలను వరుసగా చూపేది అది. తేనెగూడు, జల్లెడ, హారం, మాలిక కూడా ఇదే బాటలో నడిచాయి.

డెలిషస్‌కూ కూడలికీ ఒక తేడా ఉంది. డెలిషస్‌లో పాఠకుడు ఏరుకున్నది మిగిలినవారు చూస్తారు. కూడలిలో ఏరివేత లేదు, వచ్చిందల్లా కనిపిస్తుంది. తెలుగు బ్లాగులు కొన్ని వందలుగా ఉన్న కాలంలో ఏరివేత కంటే ఒకచోట చేరడమే ముఖ్యం కాబట్టి, సరైన పద్ధతి అదే. ఆ పరిచయాలు వెబ్ దాటి బయటికీ వచ్చాయి. యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో బ్లాగర్లు కలుసుకునేవారు. ఈ-తెలుగు సంఘం హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటరులో తెలుగు వాడకం గురించి వచ్చినవారికి వివరించేది.

కూడలి ఇప్పుడు లేదు. బ్లాగులు తగ్గి, రాసేవారు ఫేస్‌బుక్‌కు తరలిపోయాక సంకలినుల అవసరమూ తగ్గింది. కొత్త టపాలను చూపడమే వాటి పని కావడంతో, పాత టపాల శాశ్వత సూచిక మనకు మిగల్లేదు. తెలుగు బ్లాగుల తొలి దశాబ్దం రాతల్లో చాలావాటికి ఈనాడు దారి చూపేవారు లేకపోవడం నిజంగా బాధపడాల్సిన విషయం.

ఉమ్మడి జాబితా నిలబడిన తీరు

కూడలికి భిన్నమైన కథ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి ముందుండి నడిపిన డిజిటల్ గ్రంథాలయ కృషిలో భాగంగా, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల ద్వారా వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పుస్తకాలు ఉన్నాయి గానీ దొరికేవి కావు. పేర్లు రోమన్‌లో ఇష్టమొచ్చిన స్పెల్లింగులతో నమోదై ఉండటమే కారణం. తెలుగు వికీపీడియన్లు ఓపిగ్గా కూర్చుని, పుస్తకం పేరు, రచయిత, బార్‌కోడు, ప్రచురణ సంవత్సరం తెలుగులో రాసి, అక్షరక్రమంలో జాబితాలు తయారు చేశారు.

కాపీరైటు ఇబ్బందుల నేపథ్యంలో 2017లో ఆ సైటు అందకుండా పోయింది. అప్పటికే లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులోకి చేరి ఉన్నాయి. పాత లింకులు పనిచేయకపోయినా జాబితాలు పనికిరానివి కాలేదు. ఆర్కైవులో చాలా పుస్తకాల వివరాల్లో ఆ బార్‌కోడు సంఖ్య ఉంది, దానితో వెతికి పుస్తకాన్ని పట్టుకోవచ్చు. కేవలం లింకు దాచుకుంటే సైటుతో పాటే పోతుంది. పేరు, రచయిత, సంవత్సరం, గుర్తింపు సంఖ్య కలిపి దాచుకుంటే సైటు పోయినా వస్తువు దొరుకుతుంది. తెలుగులో జరిగిన బుక్‌మార్కుల కృషి అంతటిలో ఇదే గొప్పది.

మూతలు

2010 డిసెంబరులో డెలిషస్‌ను యాహూ వదిలించుకోబోతోందన్న వార్త బయటికి పొక్కింది. 2011లో యూట్యూబ్ స్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల అవోస్ సంస్థకు అమ్మారు. చేతులు మారుతూ వచ్చి, చివరికి 2017 జూన్‌లో దాన్ని పిన్‌బోర్డ్ అనే మరో బుక్‌మార్కు సేవ కొని కొత్త లింకులు చేర్చే వీలు ఆపేసింది. పిన్‌బోర్డ్‌ను మాచే సెగ్లావ్‌స్కీ 2009లో ప్రారంభించి, మొదటి నుంచీ డబ్బు తీసుకునే సేవగా నడిపాడు. ఉచితంగా ఇచ్చిన డెలిషస్ పోయి, రుసుము తీసుకున్న పిన్‌బోర్డ్ మిగలడం గమనించాల్సిన విషయం.

పెద్ద సంస్థల సేవలదీ ఇదే దారి. ఫీడులు చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న, గూగుల్ బుక్‌మార్క్స్ 2021 సెప్టెంబరులో, పేజీలను తరువాత చదవడానికి దాచుకునేందుకు మొజిల్లా నడిపిన పాకెట్ 2025 జులై 8న ఆగిపోయాయి.

లింకులు చెడిపోవడం

సేవ నిలబడినా లింకు నిలబడకపోవచ్చు. దీనికి వనస్థలిపురంలో ఏ ఇంటి కరెంటు బిల్లు తీసినా ఉదాహరణ దొరుకుతుంది. ఇక్కడికి కరెంటు ఇచ్చే సంస్థ 2000 నుంచి ఏపీసీపీడీసీఎల్. 2014లో రాష్ట్ర విభజనతో టీఎస్ఎస్పీడీసీఎల్ అయింది. 2024లో ప్రభుత్వం టీఎస్ బదులు టీజీ వాడాలని నిర్ణయించాక టీజీఎస్పీడీసీఎల్ అయింది. మీటరు కదల్లేదు, వీధి మారలేదు, వెబ్ చిరునామా మాత్రం పేరుతో పాటు మారుతూ వచ్చింది. గ్రూప్స్‌కు చదివేవారికి టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. భూముల వివరాలకు 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. పాత లింకు నమ్ముకుని బిల్లు కట్టబోయేవారు నకిలీ సైట్ల బారిన పడే ప్రమాదం కూడా ఉంది. కాలనీ సంఘాలు, గ్రంథాలయాలు ఉమ్మడి లింకుల జాబితా పెట్టుకుంటే దాన్ని సరిచూసే బాధ్యత ఒకరికి అప్పగించడం తప్పనిసరి.

నేటి స్థితి

ఇప్పుడు రెయిన్‌డ్రాప్ వంటి సేవలు ఆన్‌లైన్‌లో బుక్‌మార్కులను సర్దిపెడుతున్నాయి. అయినా మన దగ్గర లింకులు పంచుకునే అసలు చోటు వాట్సాప్ గుంపు. పంచడానికి అది బాగుంటుంది, దాచడానికి పనికిరాదు. నిన్న వచ్చిన నోటిఫికేషన్ లింకు ఈరోజు శుభోదయాల కింద కూరుకుపోతుంది. గుంపులో ముఖ్యమైన లింకులన్నీ ఒక గూగుల్ షీటులో చేర్చి, పక్కన తెలుగులో ఒక వాక్యం వివరణ, సరిచూసిన తేదీ రాసి, ఆ షీటు లింకును గుంపు వివరాల్లో పెడితే చాలావరకు పని జరుగుతుంది.

ఏ సేవ వాడినా బుక్‌మార్కులను అప్పుడప్పుడు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దింపుకుని సొంత కంప్యూటరులో ఒక నకలు ఉంచుకోండి. ఇక ఎప్పటికీ కావాలనుకున్న తెలుగు పేజీ ఏదైనా ఉంటే, దాని చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవు వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి భద్రపరచండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు.