కాలేయంలో నీటి తిత్తి.. గొర్రె నుంచి కుక్కకు, కుక్క నుంచి మనిషికి! హైడాటిడ్ వ్యాధి ఎలా వస్తుంది? ఎక్కడ అడ్డుకోవాలి?

గ్యాస్ సమస్య అనుకుని కడుపు స్కానింగ్‌కి వెళ్తారు. రిపోర్టులో మాత్రం 'కాలేయంలో హైడాటిడ్ సిస్ట్' అని ఉంటుంది. నీటితో నిండిన ఆ తిత్తి లోపల ఉన్నది ఓ పురుగు పిల్లదశ అని డాక్టర్ చెప్పేదాకా చాలామందికి తెలియదు. అది ఒంట్లోకి చేరి అప్పటికే ఏళ్లు గడిచిపోయి ఉండొచ్చు. గొర్రెలు, మేకలు, కుక్కలు కలిసి తిరిగే ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధి గురించి తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే..

ఏమిటీ హైడాటిడ్ వ్యాధి?

'ఎకినోకోకస్ గ్రాన్యులోసస్' అనే బద్దెపురుగు వల్ల వచ్చే వ్యాధి ఇది. పెద్ద పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది. దాని పొడవు కొన్ని మిల్లీమీటర్లే. ఒక కుక్క పేగులో ఇలాంటివి వేల సంఖ్యలో ఉన్నా ఆ కుక్క మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దగ్గు లేదు, నీరసం లేదు, బక్కచిక్కడం లేదు. అందుకే చూసి కనిపెట్టడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 'నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల' జాబితాలో పెట్టింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 10 లక్షల మందికి పైగా ఎకినోకోకస్ జాతి పురుగుల వ్యాధులతో బాధపడుతుంటారని ఆ సంస్థ చెబుతోంది. 2015 అంచనా ప్రకారం వీటివల్ల ఏటా 19,300 మంది చనిపోతున్నారు.

గొలుసు ఇలా సాగుతుంది..

కుక్క మలంతో పాటు కంటికి కనిపించనంత చిన్న పురుగు గుడ్లు బయటకు వస్తాయి. అవి గడ్డిమీద, మట్టిలో, నీళ్లలో కలుస్తాయి. చల్లగా, తేమగా ఉండే చోట నెలల తరబడి బతుకుతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్లు పగిలి, పిల్లదశ పురుగులు రక్తంలో కలిసి కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరతాయి. అక్కడ నీటి తిత్తులుగా పెరుగుతాయి.

ఆ గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను 'పనికిరావు' అని పక్కన పడేస్తారు. వాటిని కుక్క తింటుంది. కుక్క పేగుల్లో మళ్లీ పెద్ద పురుగులు తయారవుతాయి. సుమారు ఆరేడు వారాల్లో మళ్లీ గుడ్లు మొదలు. గొర్రె, కుక్క మధ్య ఈ చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది.

మనిషి ఈ చక్రంలో అనుకోకుండా ఇరుక్కుంటాడు. కుక్క బొచ్చుకు, మూతికి అంటిన గుడ్లు చేతికి వస్తాయి. ఆ చేత్తోనే అన్నం తింటే కడుపులోకి వెళ్తాయి. సరిగా కడగని ఆకుకూరలు, కలుషితమైన నీళ్లు కూడా దారులే. మట్టిలో ఆడుకుంటూ కుక్కపిల్లలతో గడిపే పిల్లలకు ముప్పు ఎక్కువ. చిన్నప్పుడు సోకింది పెద్దయ్యాక బయటపడొచ్చు.

మటన్ తింటే వస్తుందా?

రాదు. చాలామందికి ఉన్న అపోహ ఇది. మనిషికి జబ్బు తెచ్చేవి పురుగు గుడ్లు. అవి కుక్క మలం నుంచి వస్తాయే తప్ప గొర్రె మాంసంలో ఉండవు. గొర్రెలోని తిత్తి కుక్కకు ప్రమాదం, కుక్క మలంలోని గుడ్డు మనిషికి ప్రమాదం. అందుకే జీవితంలో మాంసం ముట్టని శాకాహారికి కూడా ఈ వ్యాధి రావొచ్చు. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోదు. ఇంట్లో ఒకరికి ఉంటే కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు.

తెలుగు రాష్ట్రాలకు సంబంధమేంటి?

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. తెలంగాణలో దాదాపు 1.9 కోట్లు, ఏపీలో 1.76 కోట్లు ఉన్నాయి. దేశం మొత్తం మీదున్న 7.4 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం ఇక్కడే. మందకు కాపలాగా కుక్కలు ఉంటాయి. ఊళ్లలో వీధికుక్కలూ తక్కువేం కాదు. జాతరలు, పండగలు, ఆదివారాల్లో కబేళాకు వెళ్లకుండా ఇంటి దగ్గరో, రోడ్డు పక్కనో కోయడం మామూలే. అక్కడ వెటర్నరీ డాక్టర్ తనిఖీ ఉండదు. మిగిలిన వ్యర్థాల కోసం కుక్కలు చుట్టూ చేరి ఎదురుచూస్తుంటాయి. చక్రం తిరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒంట్లో ఏం జరుగుతుంది?

దాదాపు 70 శాతం కేసుల్లో తిత్తి కాలేయంలో, 20 శాతం కేసుల్లో ఊపిరితిత్తుల్లో వస్తుంది. మూత్రపిండాలు, ప్లీహం, ఎముకలు, మెదడులో కూడా అరుదుగా కనిపిస్తుంది. తిత్తి మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి లక్షణాలే ఉండవు. పెద్దదయ్యాక..

* కాలేయంలో అయితే: కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, బరువు, వికారం, వాంతులు. పైత్య నాళం మూసుకుపోతే కామెర్లు.

* ఊపిరితిత్తుల్లో అయితే: తగ్గని దగ్గు, ఛాతీ నొప్పి, ఆయాసం. తిత్తి పగిలితే దగ్గులో ఉప్పటి నీళ్లలాంటి ద్రవం పడొచ్చు.

అసలు ప్రమాదం తిత్తి పగలడం. దెబ్బ తగిలినా, ఒక్కోసారి దానంతట అదే అయినా పగలొచ్చు. లోపలి ద్రవం ఒంట్లోకి చిమ్మితే తీవ్రమైన అలర్జీ వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. ఆ ద్రవంలోని పిల్ల పురుగులు కడుపంతా పరుచుకుని కొత్త తిత్తులుగానూ మారతాయి.

ఎలా గుర్తిస్తారు? చికిత్స ఏంటి?

కాలేయంలోని తిత్తిని అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లోనే చాలావరకు గుర్తించొచ్చు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే, సీటీ స్కాన్ చేస్తారు. రక్త పరీక్ష తోడ్పడుతుంది కానీ, అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేం.

తిత్తి ఏ దశలో ఉంది, ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి నాలుగు దారులున్నాయి. మొదటిది ఆల్బెండజోల్ మాత్రలు. రెండోది స్కానింగ్‌లో చూస్తూ సూదితో ద్రవం తీసి, పురుగును చంపే మందు ఎక్కించి, మళ్లీ బయటకు లాగే పద్ధతి. మూడోది ఆపరేషన్. నాలుగోది, పురుగు చచ్చి గట్టిపడిపోయిన తిత్తిని కదపకుండా, ఎప్పటికప్పుడు స్కానింగ్ చేయిస్తూ గమనించడం.

ఇక్కడో ముఖ్య విషయం. బడుల్లో నులిపురుగులకు ఇచ్చేది కూడా ఆల్బెండజోలే. అలాగని ఒక మాత్ర మింగితే హైడాటిడ్ తిత్తి పోదు. దీనికి మందు నెలల తరబడి వాడాలి. మధ్యమధ్యలో కాలేయం పనితీరు, రక్తకణాల పరీక్షలు చేయించాలి. సొంతంగా కొని వాడొద్దు.

ఐస్‌లాండ్ ఏం చేసింది?

19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఈ వ్యాధి ఇంటింటి సమస్య. హెరాల్డ్ క్రాబె అనే డేనిష్ శాస్త్రవేత్త కుక్కలే కారణమని వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని 1864లో ఉచితంగా ఇళ్లకు పంచారు. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందకుండా చేయడం, కుక్కలకు మందు వేయడం తర్వాత చట్టంలోకి వచ్చాయి. చివరకు ఆ దేశం నుంచి వ్యాధి మాయమైంది. పశుసంపద ఎక్కువగా ఉన్న న్యూజిలాండ్ కూడా ఇదే దారిలో వెళ్లి విజయం సాధించింది. గొర్రెల పెంపకం ఆపాల్సిన పని రాలేదు. కుక్క నోటికి పచ్చి కాలేయం అందకుండా చూడటమే అసలు కీలకం.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి..

* మేక, గొర్రె కోసినప్పుడు తిత్తులు కనిపించిన అవయవాలను లోతుగా పాతిపెట్టండి, లేదా కాల్చేయండి. కుక్కలకు వేయొద్దు.

* పెంపుడు కుక్కకు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు పెట్టొద్దు. పెట్టాలనుకుంటే కనీసం అరగంట బాగా ఉడికించాకే.

* ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందును కుక్కకు ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయించండి. అన్ని డీవార్మింగ్ మందులూ ఈ పురుగుపై పనిచేయవు. ఏది వేయాలో వెటర్నరీ డాక్టర్‌ను అడగండి. మందు వేసిన తర్వాత కొన్ని రోజులు దాని మలాన్ని తీసి పాతిపెట్టాలి.

* కుక్కను తాకాక, మట్టిపని చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ ఈ గుడ్లను చంపలేదు.

* ఆకుకూరలు, కూరగాయలను ధారగా పారే నీళ్లలో కడగండి. అనుమానం ఉన్న నీళ్లను మరిగించి తాగండి.

* కుక్క చేత మూతి నాకించుకోవద్దు. పిల్లలకు ఇది ముందే చెప్పండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. లక్షణాలు ఉన్నా, స్కానింగ్‌లో తిత్తి కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి.