తాతయ్య పాత పాసుపుస్తకం

మా బరంపురంలో బోర్డు మారిపోయినా తాతయ్య మాత్రం "ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తాను" అనే అంటారు.

ఆ బ్యాంకును 1923 నవంబరులో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలే! వైద్యం మానేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దిగిన మనిషికి బ్యాంకుతో పనేమిటా అని మొదట అనుకున్నాను. అప్పుకోసం వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాల్సిన రోజులవి. మనవాళ్ల పొదుపు మన రైతులకీ, వర్తకులకీ అందాలంటే మన బ్యాంకే ఉండాలి కదా! అదీ స్వరాజ్యంలో భాగమే అని ఇప్పుడు అర్థమయింది.

1980లో ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు.

"డబ్బుకేం కాలేదురా, పేరే పోయింది" అన్నారు తాతయ్య. కొత్త పాసుపుస్తకం సంచిలో ఉంటుంది. పాతది బీరువాలో, నానమ్మ పట్టుచీరల కింద ఉంది.