వెర్మేరు పటమున గృహసంగీతము

డెల్ఫ్టు నగర చిత్రకారుడు యోహానెస్ వెర్మేరు (1632–1675) ముప్పదియేండ్ల ప్రాయమున, ఇంచుమించు 1662–65 నడుమ, రచించిన 'సంగీత పాఠము' అను పటము నేడు ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో కలదు. 1762లో మూడవ జార్జి దీనిని వెనిసు నగరమందలి జోసెఫ్ స్మిత్ చిత్రసంచయముతో గూడ కొన్ననాడు, ఇది ఫ్రాన్స్ వాన్ మీరిస్ రచనయని తలచిరి.

ఈ పటమును పరిశీలింపబోవువారు ముందుగా వెర్మేరు పుట్టిన డచ్చి దేశపు ఇండ్లలోనికి సంగీతము వచ్చిన దారిని తెలిసికొనవలెను. బందరు వలందపాలెమున తమ పేరు నిలిపిపోయిన ఆ డచ్చివారి స్వదేశమున, కాల్విను మతము ప్రబలిన పిమ్మట, చర్చిలోని ఆర్గను నగరపాలకుల సొత్తయ్యెను. ఆమ్‌స్టర్‌డామ్ పాతచర్చిలో స్వేలింక్ వంటి మహావిద్వాంసుడు సైతము నగరమిచ్చు జీతము పుచ్చుకొని, ప్రధానముగా ఆరాధనకు ముందు వెనుకల వాయించుచుండెడివాడు. సంగీతజ్ఞులను విరివిగా పోషించు రాజాస్థానములును అచట తక్కువ. కావున కలిగిన వర్తకుల గృహములే గానకళకు నెలవులయ్యెను. జేబులో ఇమిడెడు పాటల పుస్తకములు అచ్చుపడి యువతీయువకుల చేతులలో మెలగెను. పెద్దల కనుసన్నలలో, పరువునకు భంగము రాకుండ, ఒక పడుచువాడు ఒక కన్య చెంత నిలువదగిన చోట్లలో వాద్యపు ప్రక్క ఒకటి.

పటములో ఆ చోటే కనబడును. ఎడమవైపు కిటికీల వెలుగు పరచుకొన్న గది చివర, మనకు వీపు త్రిప్పి, ఒక యువతి వర్జినల్ వాయించుచున్నది. మీట నొక్కినంతనే పక్షియీక ముక్క తీగను మీటెడు ఈ వాద్యము, ఆంట్వెర్పులోని రూకర్స్ కుటుంబమువారి పనితనమును పోలినది. మూతమీది లాటిను వాక్యము సంగీతమును సంతోషమునకు సహచరిగా, దుఃఖమునకు మందుగా కీర్తించును. ప్రక్కన నల్లని దుస్తులు ధరించిన పురుషుడొకడు నిలిచియున్నాడు. ఆమె వెనుక, కుర్చీకి ఆవల, వయోల ద గాంబా యను పెద్ద తీగవాద్యము వాయించువారు లేక నేలపై పడియున్నది.

పురుషుడు గురువా, ప్రియుడా? డచ్చి కవి యాకోబ్ కాట్స్ నీతిచిత్రములలో, ఒక వీణను మీటగా ముట్టని రెండవ వీణయు తానై పలుకుట అనురాగమునకు గుర్తు. ఈ పటములోని రెండు వాద్యములకును విమర్శకులు ఆ యర్థమునే చెప్పుదురు. అది కాదనను. కాని సంకేతముల పట్టీ చేతబట్టుకొని, ప్రతి వస్తువునకును ఒక్కొక్క అర్థము అంటగట్టుచు పోయినచో చిత్రకారుని చేతిపని కంటికి దూరమగును. వాద్యముపై వ్రేలాడు అద్దమును చూడుడు: అందు ప్రతిబింబించిన ముఖము, మనకు కనబడు తల ఉన్న తీరుకంటె ఎక్కువగా ఆ పురుషుని దిక్కునకు మొగ్గియున్నది. అడుగుపొరలను పరిశోధింపగా, వెర్మేరు తొలుత ఆమె తలనే అటు త్రిప్పి వ్రాసి, పిమ్మట నిటారుగా దిద్దెనని తేలినది. దేహమునకు గృహమర్యాద నొసగిన ఆ కుంచె అద్దమును మాత్రము దిద్దలేదు.