ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్ ఎందుకయింది?

మా దర్శిలో "ఎగ్జిబిషన్ వచ్చిందంట" అని ఎవరైనా అంటే, ఏం ఎగ్జిబిషన్ అని ఎదురు అడిగేవాళ్ళు ఉండరు. జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్, బావిలో మోటారు సైకిలు, ఢిల్లీ అప్పడం, ప్లాస్టిక్ సామాన్ల కొట్లు... అంతే. నిఘంటువు తీస్తే మాత్రం ఆ మాటకి "ప్రదర్శన" అని ఉంటుంది. అక్కడ ఏం ప్రదర్శిస్తున్నారయ్యా అంటే ఎవరూ చెప్పలేరు :-)

ఒక ప్రదర్శన జెయింట్ వీల్ గా ఎప్పుడు మారింది? ముంబైలో వినోద పరిశ్రమ వాళ్ళ వ్యాపార ప్రదర్శనకి వెళ్ళొచ్చినప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. పార్కులకి టికెట్ల సాఫ్టువేరు రాయడం నా ఉద్యోగం. అందుకని గోరేగావ్ లోని బాంబే ఎగ్జిబిషన్ సెంటర్ కి పంపారు. 1999లో ఏర్పడిన భారత అమ్యూజ్‌మెంట్ పార్కుల సంఘం (ఐఏఏపీఐ) జరిపే ప్రదర్శన అది. అక్కడ వినోదం ఏమీ ఉండదు సుమండీ. మెడలో బ్యాడ్జీలు, చేతిలో కేటలాగులు, లక్షల్లో కోట్ల్లో కొటేషన్లు. వాటర్ స్లయిడుల ఫైబర్ ముక్కలు, చేతికి కట్టే టికెట్ పట్టీలు, రోలర్ కోస్టర్ల బొమ్మ నమూనాలు. చూస్తే అర్థమైంది, నిఘంటువు చెప్పే ఎగ్జిబిషన్ ఇదీ అని. మరి మనూరి ఎగ్జిబిషన్ ఎక్కడనుంచి వచ్చినట్టు?

ఆశ్చర్యం ఏంటంటే, రెండూ ఒక తల్లి బిడ్డలే.

1851లో లండన్ లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగింది. యంత్రాలూ, బట్టలూ, ముడిసరుకులూ ఒక గాజు భవనంలో పెట్టి చూపించారు. దాదాపు 60 లక్షలమంది వచ్చారు. ఆ గాలి మనదాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1855లో మద్రాసులో దక్షిణ భారతదేశపు ముడి సరుకులు, చేతిపనుల ప్రదర్శన పెట్టారు. ఇక్కడిదాకా ఎగ్జిబిషన్ అంటే సరుకే, ఆట కాదు.

మలుపు 1893లో చికాగోలో వచ్చింది. స్వామి వివేకానంద మాట్లాడిన సర్వమత సమ్మేళనం మనందరికీ తెలుసు. అది ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక భాగం. అంతకు నాలుగేళ్ళ ముందు, 1889 ప్రదర్శనకి పారిస్ వాళ్ళు ఈఫిల్ టవర్ కట్టారు. దాన్ని తలదన్నేది ఏదైనా కట్టాలని అమెరికా వాళ్ళ పంతం. జార్జ్ ఫెర్రిస్ అనే వంతెనల ఇంజినీరు 264 అడుగుల ఉక్కు చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, పెట్టెకి 60 మంది. అంటే ఒకేసారి 2160 మంది! టికెట్ అర డాలరు. ప్రదర్శన మొత్తం చూడ్డానికీ అర డాలరే, ఒక్క చక్రం ఎక్కడానికీ అర డాలరే. అయినా 14 లక్షలమందికి పైగా ఎక్కారు.

తిరిగే చక్రాన్ని ఫెర్రిస్ కనిపెట్టాడని కాదు. అప్పటి ఒట్టోమన్ రాజ్యంలో మనుషులు తిప్పే చెక్క చక్రాల్ని చూశానని 1620లోనే పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు రాసుకున్నాడు. మన రంగులరాట్నమూ అలాంటిదే. నూలు వడికే రాట్నం పేరే ఆటకీ పెట్టుకున్నాం. ఫెర్రిస్ తెచ్చిన కొత్త సంగతి ఉక్కు, ఆవిరి ఇంజను, ఇంజినీరు లెక్క.

ఆ చక్రం ఉన్న వీధి పేరు మిడ్‌వే ప్లెయిసెన్స్. ఆ తర్వాత అమెరికాలో ఏ సంతలోనైనా ఆటలుండే చోటుని "మిడ్‌వే" అనడం మొదలుపెట్టారు. వాళ్ళకి వీధి పేరు ఆటల పేరైంది, మనకి ప్రదర్శన పేరే ఆటల పేరైంది. జనం ఎక్కడైనా ఒకటేనండీ, దేనికోసం వెళ్తారో దాని పేరే మిగుల్తుంది.

కానీ ఫెర్రిస్ చక్రం దర్శికి రాలేదు, రాలేదు కూడా. దాని ఇరుసే 45 అడుగులు! 1896లో ఫెర్రిస్ 37 ఏళ్ళకే అప్పులతో చనిపోయాడు. 1906లో ఆ చక్రాన్ని డైనమైట్ పెట్టి పేల్చేసి తుక్కు కింద అమ్మేశారు. మన దాకా వచ్చిన చక్రానికి అసలు తాత ఇంకొకాయన. విలియం సల్లివాన్, ఆయనదీ వంతెనల పనే. 1893లో చికాగోలో ఆ చక్రం ఎక్కి, 1900లో ఇలినాయ్ లోని జాక్సన్‌విల్ లో చిన్న చక్రం ఒకటి తయారుచేశాడు. దాని గొప్ప ఎత్తులో లేదు. విప్పి, మోసుకుపోయి, ఇంకో ఊళ్ళో బిగించుకోవచ్చు. ఈ "విప్పి బిగించడం" అన్న మాట గుర్తుంచుకోండి, దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఇక మన వైపు వస్తే, స్వాతంత్ర్య పోరాటం కూడా ఎగ్జిబిషన్లు పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర వాలంటీరుగా నిలబడిన 14 ఏళ్ళ దుర్గాబాయి, టికెట్ లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్ళనివ్వలేదు. టికెట్ కొన్నాకే వదిలింది. నేను రాసే సాఫ్టువేరు చేసేది కూడా అదే పని, అంత ధైర్యంగా చేస్తుందని మాత్రం చెప్పలేను :-)

1938లో హైదరాబాదులో ఉస్మానియా పట్టభద్రులు కలిసి పబ్లిక్ గార్డెన్స్ లో నుమాయిష్ మొదలుపెట్టారు. సంస్థానంలో తయారైన సరుకుల్ని చూపించడం దాని ఉద్దేశం. 1946లో నాంపల్లికి మారింది. 1949లో రాజాజీ ప్రారంభించారు, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. ఇప్పుడు "నుమాయిష్ కి పోదాం" అనే పిల్లాడికి పరిశ్రమ గుర్తొస్తుందా, జెయింట్ వీల్ గుర్తొస్తుందా? పెద్ద ఊళ్ళలో సరుకూ ఆటా కలిసి ఉన్న ఈ పద్ధతి, చిన్న ఊళ్ళకి వచ్చేసరికి సరుకు రాలిపోయి ఆట మిగిలిందని నా ఊహ. పేరు మాత్రం పాతదే.

ఢిల్లీలో ఇంకా విచిత్రం. 1984లో మొదలైన అప్పు ఘర్, మన దేశపు తొలి అమ్యూజ్‌మెంట్ పార్కుగా చెప్పేది, ఎక్కడ కట్టారనుకున్నారు? వ్యాపార ప్రదర్శనల మైదానమైన ప్రగతి మైదాన్ లో. 2008లో మూసేశారు. ఆ తర్వాతి పార్కులన్నీ ఊరి బయట గోడలు కట్టుకుని నిలబడ్డాయి. 2016లో హైదరాబాదు దగ్గర తెరిచిన వండర్‌లా దాకా అదే దారి.

సరే, ఈ చరిత్రంతా ఎందుకు తవ్వానంటే...

ముంబైలో నేను తిరిగిన రెండు రోజుల్లో పార్కుల వాళ్ళు కనిపించారు, మాల్ వాళ్ళు కనిపించారు, చైనా, ఇటలీ తయారీదార్లు కనిపించారు. లారీల్లో జెయింట్ వీల్ వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు ఒక్కరు కూడా ఎదురుపడలేదు. 2018 జనవరిలో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించినప్పుడు ఆ జాబితాలో థీమ్ పార్కూ, రంగులరాట్నమూ ఒకే వరసలో ఉన్నాయి. పన్ను వేసేవాళ్ళకి వీళ్ళిద్దరూ ఒకే పరిశ్రమ. హాల్లోకి వచ్చేసరికి కాదు.

అయితే ఏమైంది అంటారా? ఇప్పుడు ఆ "విప్పి బిగించడం" దగ్గరకి వద్దాం. పార్కులో చక్రం ఒకసారి బిగిస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. తిరిగే చక్రం ప్రతి ఊళ్ళోనూ కొత్తగా పుడుతుంది. మిరప అమ్ముడై చేతిలో డబ్బులాడే రోజుల్లో మా వైపు, శివరాత్రికి కోటప్పకొండలో, ఇంకో నెలకి ఇంకో ఊళ్ళో. ప్రతిసారీ నేల వేరు, బోల్టులు మళ్ళీ బిగించాలి, పిన్నులు మళ్ళీ పెట్టాలి. తప్పు జరిగే అవకాశం ఎక్కువున్నది అక్కడ. భద్రత గురించిన చదువంతా ఉన్నది ముంబై హాల్లో.

2019 మే నెలలో అనంతపురం ఎగ్జిబిషన్ లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ళ పాప చనిపోయింది. అదే ఏడాది జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే యంత్రం విరిగి ఇద్దరు పోయారు. రెండోది ఊరూరా తిరిగేది కాదు, ఒకేచోట స్థిరంగా ఉన్నదే. కాబట్టి గోడ కట్టుకున్నంత మాత్రాన భద్రం కాదు, లారీలో వచ్చినంత మాత్రాన ప్రమాదమూ కాదు. బిగించినవాడికి పని తెలియాలి, బిగించాక ఇంకొకడు చూడాలి. అమెరికాలో ఏఎస్‌టీఎం అనే సంస్థ 1978లోనే ఈ యంత్రాల ప్రమాణాల కోసం ఒక కమిటీ పెట్టుకుంది.

ఏదన్నా జరగ్గానే "ఈ ఎగ్జిబిషన్లు ఆపేయాలి" అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. హైదరాబాదు పార్కుకి బస్సు ఛార్జీ, టికెట్టు పెట్టుకుని నలుగురు పిల్లల్ని తీసుకెళ్ళగలిగే కూలీ కుటుంబాలు మా మండలంలో ఎన్ని? వాళ్ళకి ఆకాశం దగ్గరగా చూపించేది ఆ తుప్పు రంగు చక్రమే.

నేననేది చిన్న విషయం. ప్రతి చక్రానికీ ఒక పుస్తకం ఉండాలి. ఏ ఊళ్ళో ఎప్పుడు బిగించారు, ఏ బోల్టు మార్చారు, ఎవరు చూసి సంతకం పెట్టారు అన్నీ అందులో రాయాలి. చక్రంతోపాటే ఆ పుస్తకం కూడా ఊరూరా తిరగాలి. అది చూడకుండా మైదానం ఇవ్వకూడదు. సాఫ్టువేరు అక్కర్లేదు, వంద పేజీల నోటు పుస్తకం చాలు. ముంబైలో అంత హాలు తీసుకునేవాళ్ళు, ఈ లారీల వాళ్ళకి ఒక మూల ఇచ్చి, హిందీలో తెలుగులో ఒక పూట పాఠం చెబితే ఏం పోతుంది? చికాగోలో చక్రం ఎక్కిన సల్లివాన్ దాన్ని ఊరూరికీ చేర్చాడు. ఆ చక్రంతోపాటు రావలసిన ఇంజినీరు లెక్క మాత్రం ఇంకా మా ఊరికి రావలసే ఉంది.