కొరత అన్నారు, కరవు అనలేదు

ఇంగ్లీషులో స్కేర్సిటీ అంటే కొరత, ఫామిన్ అంటే కరవు. నిఘంటువుకు తేడా తీవ్రతలోనే. వలసపాలనలో ఆ తేడా బాధ్యతకు సంబంధించినది. 1880 నాటి కరవు కమిషన్ సిఫార్సులతో ఏర్పడిన ఫామిన్ కోడ్ ప్రకారం, కరవు ప్రకటిస్తే సర్కారు పనులు పెట్టి కూలి ఇవ్వాలి. పని చేయలేనివారికి ఉచితంగా తిండి పెట్టాలి.

1943లో ఆకలిచావులు కలకత్తా వీధులకెక్కినా, బెంగాలు ప్రభుత్వం కరవును ప్రకటించలేదు. కోడ్ నిర్ణయించిన మేరకు పెట్టడానికి తిండి లేదన్నది గవర్నరు రూథర్‌ఫర్డ్ చెప్పిన కారణం. అంటే, బాధ్యత తప్పించుకోవడానికే మాటను తప్పించారన్నమాట!

1945లో విచారణ సంఘం దాన్ని కరవే అన్నది. 15 లక్షలమంది చనిపోయారని అంచనా వేసింది. పేరుపెట్టే అధికారం ఏ వర్గానిదో అడగనిదే చరిత్రలో మాటకు అర్థం తేలదు.