ఈసీలో 'నిల్' అని వచ్చిందా..? ఆ మాటకు అసలు అర్థం ఇదీ!

ప్లాటు కొనేవాళ్లకు బ్రోకర్లు చెప్పే మొదటి మాట 'ఈసీ నిల్ ఉంది సార్'. ఆ ఒక్క మాటకే అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అసలు నిల్ అంటే ఏంటి?

'ఏమీ లేదు' అని అర్థమిచ్చే లాటిన్ పదం 'నిహిల్'. దాని పొట్టి రూపమే నిల్. ఫుట్‌బాల్‌లో టూ-నిల్, జీఎస్టీలో నిల్ రిటర్న్, కిరాణా కొట్టులో స్టాక్ నిల్.. అన్నిచోట్లా అర్థం సున్నానే. 'నల్' మాత్రం వేరు. 'నల్ అండ్ వాయిడ్' అంటే కాగితం ఉన్నా చట్టప్రకారం చెల్లదని. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ఈసీలో నిల్ అంటే, అడిగిన సర్వే నంబర్‌పై, అడిగిన తేదీల మధ్య రిజిస్టరైన లావాదేవీ ఏదీ కనిపించలేదని. అంతే! భూమి క్లియర్ అని కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు, వారసుల వాటాలు అందులో కనపడకపోవచ్చు. సర్వే నంబర్ తప్పు కొట్టినా నిల్ అనే రావొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాల్సిందే.

మేడ్చల్ జిల్లా దేవరయాంజాల్‌లో ఈ తేడా బాగా అర్థమవుతుంది. ఇక్కడి సీతారామచంద్రస్వామి ఆలయ భూములుగా చెబుతున్న 1,521 ఎకరాలపై ఏళ్లుగా వివాదం ఉంది. 2021 మేలో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్‌లతో విచారణ కమిటీ వేసింది. 1987 దేవాదాయ చట్టం ప్రకారం గుడి భూమిని ముందస్తు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. అంటే ఈసీ 'నిల్' ఉన్నా, చేతిలోని డాక్యుమెంట్ 'నల్' కావొచ్చన్నమాట.

అందుకే ఈసీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది.. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద పెట్టేది. సర్వే నంబర్ అందులో ఉందేమో చూసుకోవాలి. లింక్ డాక్యుమెంట్లు, పాత పహాణీలు లాయర్‌కు చూపించాలి. వ్యవసాయ భూమి అయితే 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలోనూ చెక్ చేయాలి. ఇవన్నీ అయ్యాకే అడ్వాన్స్ సంగతి!